సముద్రం తాత షికారు

“పట్టుకోండర్రా, దొంగ! అడ్డంగా పోతోంది, పట్టుకోండి!”

ఒకప్పుడు, సముద్రానికి ఆటూ పోటూ అంటే ఏమిటో తెలియని రోజుల్లో, చినుకులపాలెం వీధిలో పొద్దున్నే వినబడిన కేక ఇది.

కేక వేసింది మసేనమ్మ. ఆవిడ గొంతు సామాన్యమైంది కాదు. తెప్పమీద చేపలకెళ్ళిన మొగుణ్ణి ఒడ్డున నిలబడి తిండికి పిలిస్తే, ఆయనతోపాటు పక్కూరి తెప్పలవాళ్ళు కూడా వచ్చేసేవారట. ఇక ఆ కేకకి వీధంతా బయటికి రాకుండా ఉంటుందా?

వచ్చి చూస్తే ఏముంది, వీధి నడిమధ్యన ఒక ఎండ్రకాయ. దాని ముందుకాళ్ళ మధ్య ఒక ఎండుచేప ముక్క. కుడివైపు వాళ్ళు అడ్డుకుంటే ఎడమకి పరిగెడుతోంది, ఎడమవైపు వాళ్ళు అడ్డుకుంటే కుడికి పరిగెడుతోంది. ఎండ్రకాయలు అప్పటికే అడ్డంగా నడిచేవి. అదెందుకో నన్నడక్కండి, నాకు తెలీదు. నాకు తెలిసిన సంగతి వేరే, అదే చెబుతున్నాను.

మసేనమ్మ మొగుడు గురయ్య చూరుకి వేలాడుతున్న వల లాగి వీధిలోనే విసిరాడు. నీళ్ళలో విసిరే అలవాటు గానీ వీధిలో విసిరే అలవాటు లేదు కదా, ఎండ్రకాయతోపాటు పక్కింటి దానయ్య కూడా వలలో పడ్డాడు. దానయ్యని విడిపించేసరికి ఎండ్రకాయ చేపముక్కలో సగం నమిలేసింది.

ఒక్క ఎండుచేప ముక్కకి ఇంత హడావుడి ఏమిటని మీరు నవ్వొచ్చు. నవ్వకండి. అది ఊరు మొత్తానికి మిగిలిన ఆఖరి ముక్క.

చినుకులపాలెం ఎలాంటి చోటో చెబితే గానీ మీకు అర్థం కాదు. ఊరి వెనకాల అడవి. అడవంటే అలాంటిలాంటి అడవి కాదు, ఆకుల సందులోంచి ఆకాశం వెతుక్కోవలసిన అడవి. చెట్టుమీద నాచు, నాచుమీద పుట్టగొడుగు, పుట్టగొడుగు కింద కప్ప, కప్ప నెత్తిన చినుకు. వాన ఎంత పడేదంటే, ఎప్పుడైనా కాస్త ఎండ కాస్తే పిల్లలు ఇదేదో కొత్తగా ఉందని జడుసుకుని ఇంట్లోకి పరిగెత్తేవారు.

ఊరి ముందు సముద్రం తాత.

తాత ఎలా అయ్యాడంటారా? చందమామ మనకి మామ. ఆ చందమామ పుట్టింది సముద్రంలోంచి. మామగారి నాన్న మనకి తాత కాక మరేమవుతాడు? లెక్క సరిపోయిందా, ఇక ముందుకి పోదాం.

ఈ తాత ఒడ్డుదాకా వచ్చి, మోకాళ్ళు ముడుచుకుని, కూర్చున్నచోటే కూర్చునేవాడు. పగలూ అంతే, రాత్రీ అంతే. లేవడమనేదే లేదు. అందుకే ఆ ఊళ్ళో ఇసక ఎలా ఉంటుందో, ఒడ్డు రాళ్ళ కింద ఏముంటుందో ఎవరికీ తెలీదు.

లేవకపోవడానికి కారణం గట్టు తగాదా. పొలంగట్టు దగ్గర ఇద్దరు రైతులకి పడకపోతే ఎలా ఉంటుందో, తాతకీ అడవమ్మకీ అలా ఉండేది. తను లేస్తే అడవమ్మ వేళ్ళు చాపి ఆ చోటు కాజేస్తుందని తాత అనుమానం. తను వేలెడు వెనక్కి జరిగితే తాత మూరెడు ముందుకొస్తాడని అడవమ్మ అనుమానం. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు గుర్రుగా చూసుకుంటూ అలాగే బిగదీసుకుని ఉన్నారు. మధ్యలో నలిగింది మాత్రం చినుకులపాలెం.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. అలలు ఇంటెత్తున లేచేవి. తెప్ప దింపితే చాలు, పల్టీ కొట్టేది. చేపలు లేవు. అడవిలోకెళ్ళి కంద దుంపలు తవ్వుకొచ్చి తినేవారు. అడవి కంద సంగతి తెలుసుగా, గొంతు దురద. ఊరు ఊరంతా గొంతు గోక్కుంటూ మాట్లాడేది. పెళ్ళిమాటలు మాట్లాడుకోవడానికి వచ్చిన పక్కూరివాళ్ళు, ఇదేదో వీళ్ళ ఇంటి ఆచారమనుకుని తామూ గోక్కున్నారట.

నవ్వే సంగతి అలా ఉంచండి. మసేనమ్మ మనవరాలు కాసులు మొదట్లో “ఆకలేస్తోంది నానమ్మా” అని రోజూ అడిగేది. తరవాత తరవాత అడగడం మానేసింది. మోకాళ్ళమీద గడ్డం పెట్టుకుని వాన చూస్తూ కూర్చునేది. పిల్ల అడిగినప్పుడు పడిన బాధ కన్నా, అడగడం మానేశాక పడిన బాధ ఎక్కువ మసేనమ్మకి. ఆ ఎండుచేప ముక్క కాసులు కోసం ఉట్టిమీద దాచింది. ఎండ్రకాయ ఉట్టి ఎక్కేసింది.

“సరే, చేప పోతే పోయింది, ఎండ్రకాయ పులుసు పెడతాను” అంటూ మసేనమ్మ కుండలో నీళ్ళు పోసి పొయ్యి రాజేసింది.

ఎండ్రకాయ కుండవైపు చూసింది. కుండ కూడా దానివైపే చూస్తున్నట్టనిపించింది. అప్పుడది గొంతు సవరించుకుని, తనని తింటే ఊరికి తలో కాలు కూడా రాదనీ, తన మాట వింటే మాత్రం రోజూ కడుపునిండా తినొచ్చనీ చెప్పింది. సముద్రం తాత ఒళ్ళో ఏముందో వీళ్ళెవరికీ తెలీదట. రాళ్ళనిండా ఆలిచిప్పలట, బండల కింద జానెడేసి మీసాల రొయ్యలట, సందుల్లో నత్తలట. తాత ఒక్కసారి లేస్తే చాలు, ఒంగి ఏరుకోవడమే.

ఊరంతా వానలోనే ఒడ్డుకి పోయి, కాస్త లేవమని తాతని బతిమాలారు. ముందు అడవమ్మని వెనక్కి జరగమనండి, అన్నాడు తాత. వెళ్ళి అడవమ్మని అడిగారు. ముందు ఆ ముసలాయన్ని లెమ్మనండి, అంది అడవమ్మ. మళ్ళీ తాత దగ్గరికి, మళ్ళీ అడవమ్మ దగ్గరికి. తిరిగి తిరిగి దానయ్య కాళ్ళ కింద బురద గోతి పడింది గానీ ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

మసేనమ్మ ఇంటికొచ్చి ఆలోచించింది. ఆవిడ మామగారు బతికున్నప్పుడు ఇలాగే అరుగు దిగేవాడు కాదు. ఊడవాలి లెమ్మంటే లేవడు, వాన జల్లు కొడుతోంది లెమ్మంటే లేవడు. కానీ ఎవరైనా అటుగా పరిగెడుతూ “పై వీధిలో ఏదో చూస్తున్నారు” అంటే చాలు, చేతికర్ర కూడా మరిచిపోయి లేచేవాడు.

ముసలాళ్ళని తోస్తే లేవరు, ఆశ పెడితే లేస్తారు. ఈ ముక్క ఎండ్రకాయ చెవిలో వేసింది. ఎండ్రకాయకి చెవులెక్కడున్నాయో నాకు తెలీదు, ఎక్కడుంటే అక్కడే వేసింది.

ఎండ్రకాయ వెళ్ళి తాత పక్కనే ఒక కొయ్యదుంగమీద కూర్చుని, తనలో తాను మాట్లాడుకోవడం మొదలెట్టింది.

“ఆహా, ఏం చోటు. చూసినవాళ్ళ కళ్ళే కళ్ళు.”

“ఏ చోటు?” అన్నాడు తాత.

“నీకెందుకులే తాతా. లేవలేనివాడివి.”

“ఎవరన్నార్రా లేవలేనని? లేవను, అంతే.”

అప్పుడు ఎండ్రకాయ ఊరించడం మొదలెట్టింది. మలుపు అవతల కొండకి ఏనుగు దూరేంత కన్నం ఉందట, అందులో పిట్టలు పుల్లా పుడకా లేకుండా ఉత్త ఉమ్మితో గూళ్ళు కడతాయట. ఆ పక్కనే ఒక ఏరు కొండమీంచి సరాసరి తాత వీపుమీదికే దూకుతోందట, ఇన్నాళ్ళయినా ఆయన తల తిప్పి చూడలేదట. ఇంకాస్త ముందుకెళితే పొడుగుకాళ్ళమీద నిలబడ్డ చెట్లున్నాయట. ఆ చెట్లని చేపలు ఎక్కుతాయట.

తాత ఉలిక్కిపడ్డాడు. “చేపలా? చెట్లా? నాకు చెప్పకుండానా?”

“చెబుదామనే అనుకున్నాయి. తాత లేవడు కదా, ఆయనకెందుకులే అనుకున్నాయి.”

తాతకి ఒళ్ళంతా దురదపుట్టినట్టయింది. లేవబోయాడు. అడవమ్మ వైపు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేవబోయాడు.

సరిగ్గా అప్పుడు మసేనమ్మ, ఏదో పనిమీద అటుగా వెళుతున్నట్టు నటిస్తూ వచ్చింది. సంగతంతా ఏమీ ఎరగనట్టు విని, ఇంత చిన్నదానికి బెంగెందుకని అడిగింది. తమ ఊళ్ళో బంతిభోజనాల్లో ఎవరైనా లేవాల్సివస్తే తమ చోట్లో తువ్వాలు వేసి వెళతారనీ, తువ్వాలున్న చోట కూర్చునేంత సిగ్గులేనివాళ్ళు ఇంతవరకూ పుట్టలేదనీ చెప్పింది. ఆ ఆఖరి మాట మాత్రం అడవమ్మకి వినబడేలా చెప్పింది.

అడవమ్మ కొమ్మలు విదిలించి, తనకీ మర్యాద తెలుసునంది.

తాత సంతోషం పట్టలేకపోయాడు. ఆకుపచ్చటి నాచు తువ్వాలు తీసి రాళ్ళమీద పరిచాడు. అంచులు సర్దాడు. నాలుగు మూలలా చిన్న చిన్న గవ్వలు బరువు పెట్టాడు. అప్పుడు మోకాళ్ళమీద చేతులు ఆనించి, మూలుగుతూ, ఎన్నాళ్ళకో లేచాడు. ఎండ్రకాయని భుజంమీద ఎక్కించుకుని, నీళ్ళన్నీ ఈడ్చుకుంటూ, మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

ఇక చూడండి.

బండలు బయటపడ్డాయి. గుహలు బయటపడ్డాయి. ఆ ఊరివాళ్ళు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇసకమీద కాలు పెట్టారు. మసేనమ్మ ముందే గట్టిగా చెప్పింది: ఎవరూ నోరెత్తకూడదు, చప్పుడు తాత చెవిన పడితే కొంప మునుగుతుంది, గబగబా ఏరుకుని బయటపడాలి.

నోరైతే ఎవరూ ఎత్తలేదు. ఏరుకోవడం మాత్రం మరిచిపోయారు.

ఎలా ఏరుకుంటారు చెప్పండి? రాళ్ళ మధ్య అద్దాల్లాంటి మడుగులు. ఒక మడుగులో అయిదు కాళ్ళ ఎర్ర నక్షత్రం బోర్లా పడుకునుంది. ఇంకోదాంట్లో ఊదారంగు పువ్వు. కాసులు వేలు పెడితే పువ్వు ముడుచుకుని వేలు పట్టుకుంది. దోసకాయ లాంటిదొకటి గురయ్య మొహంమీద నీళ్ళు చిమ్మింది. దానయ్య అలిసిపోయి ఒక నున్నటి రాయిమీద కూర్చున్నాడు. కాసేపటికి రాయి రంగు మారింది. ఇంకాసేపటికి రాయి ఎనిమిది కాళ్ళు చాపి, దానయ్యని దింపేసి వెళ్ళిపోయింది. దానయ్య అరవకుండా తన తలపాగా తానే నోట్లో కుక్కుకున్నాడు.

మసేనమ్మ అటూ ఇటూ పరిగెడుతూ చేతుల్తోనే తిట్టింది. అరిస్తే పక్కూళ్ళు కదిలే గొంతు అది, దాన్ని మింగుకుని చేతుల్తో తిట్టడమంటే ఎంత కష్టమో ఆలోచించండి. చివరికి జనం తేరుకుని బుట్టల్లో ఆలిచిప్పలు నింపడం మొదలెట్టారు. నిండిన మొదటి బుట్టలు ఆడవాళ్ళు ఇళ్ళకి మోసుకుపోయి పొయ్యిలు రాజేశారు, మసేనమ్మ కూడా కాసులుని వెంటబెట్టుకుని పోయి చిప్పలు ఉడకేసింది.

అంతటితో ఆగినా బాగుండేది. గురయ్య ఒక పెద్ద బండ కిందికి తొంగిచూశాడు. కిందంతా మీసాలు. ఎన్ని రొయ్యలో, ఒకదాని మీసం ఇంకోదానికి చిక్కుపడిపోయింది. మగవాళ్ళందరూ బండకి తాడు కట్టి లాగారు. కదల్లేదు. మళ్ళీ లాగారు. ఊహూ.

కదలకపోవడానికి కారణం బండ బరువు కాదు. ఆ ఊరివాళ్ళ చేతులు పాట లేకుండా ఎప్పుడూ తాడు లాగి ఎరగవు. వల లాగినా, తెప్ప లాగినా, చివరికి దూలం లాగినా ఒకడు అనాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. లేకపోతే ఒకడు ముందు లాగుతాడు, ఇంకొకడు వెనక లాగుతాడు. గురయ్య బుర్ర గోక్కుని, గుసగుసగా అంటే తప్పేముంది అనుకున్నాడు.

“హైలెస” అన్నాడు గుసగుసగా.

“హైలెస” అన్నారు మిగతావాళ్ళు, కొంచెం పైకి.

బండ కదిలింది. బండ కదిలాక ఆగే నోళ్ళా అవి? మూడో పట్టుకి కొండలు మారుమోగేలా “హైలెస్స” అని అరిచేశారు. బండ పల్టీ కొట్టింది. ఇంటి దగ్గర ఆ అరుపు విని మసేనమ్మ రెండు చేతుల్తో నెత్తి పట్టుకుంది.

ఆ సమయానికి తాత ఎక్కడున్నాడు? పొడుగుకాళ్ళ చెట్ల దగ్గర. ఉబ్బెత్తు కళ్ళ చేపలు నిజంగానే వేళ్ళమీదికి ఎగబాకుతుంటే చూసి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అవతల ఎండ్రకాయ దగ్గర వింతలైపోయాయి. ఇందాకటి కొండకన్నాన్నే అటువైపు నుంచి చూపించి, ఇది దాని తమ్ముడని చెబుతోంది. అప్పుడు వినబడింది ఆ కేక.

తాత నవ్వు ఆగింది. హైలెస అంటే ఏమిటో తాతకి తెలీదా? పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాట. తను లేనిచోట తన ఒడ్డున ఎవరు లాగుతున్నారు, ఏం లాగుతున్నారు?

వచ్చాడు. ఎలా వచ్చాడంటే, ముందు చప్పుడొచ్చింది, తరవాత గాలి వచ్చింది, ఆ తరవాత తాత వచ్చాడు. జనం బుట్టలెత్తుకుని వీధిలోకి పరుగు. తాత వెనకాలే వీధిలోకి. కింది ఇళ్ళ అరుగులు మునిగాయి. రాజేసిన పొయ్యిలు చుయ్యిమని ఆరాయి.

“తువ్వాలేసి వెళితే ఇదా మీ మర్యాద?” అని గర్జించాడు తాత. తన ఒళ్ళో దాచుకున్నది దొంగతనంగా పట్టుకుపోతారా, ఇంక ఈ ఊరే ఉండకూడదు, ఇవాళ అడవమ్మ కాళ్ళదాకా ఎక్కి కూర్చుంటాను, అన్నాడు.

ఇదంతా గురయ్య హైలెస వల్లేనన్నాడు దానయ్య. ఎండ్రకాయ చెప్పబట్టే కదా అన్నాడు గురయ్య. తనకేం తెలీదు, ఉపాయమంతా మసేనమ్మదే అంది ఎండ్రకాయ, తాత భుజంమీంచి దిగి ఒక చూరెక్కుతూ.

అందరూ మసేనమ్మ వైపు తిరిగారు. ఆవిడ వీధి పైనున్న తన ఇంటి మెట్టుమీద ఉంది. పారిపోలేదు. ఆవిడ పొయ్యి ఒక్కటే ఇంకా మండుతోంది, దానిమీద ఆలిచిప్పలు ఉడుకుతున్నాయి. నీళ్ళు మెట్టు దాకా వచ్చాయి.

“కోపం తరవాత పడుదువు గానీ తాతా” అంది మసేనమ్మ. “తిన్నావేటి?”

మెట్టెక్కబోతున్న తాత అక్కడే ఆగిపోయాడు.

ఎందుకంటే, ఆ ప్రశ్న తాతని అంతవరకూ ఎవరూ అడగలేదు. చేపలియ్యమని అడిగారు, తెప్ప కాపాడమని అడిగారు, అలలు తగ్గించమని అడిగారు. ఒడ్డునే ఇన్నాళ్ళు కూర్చున్న ముసలాయన్ని తిన్నావా అని అడిగిన మనిషి లేడు.

“ఏటీ?” అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో.

మసేనమ్మ లోపలికి చూపించింది. చాప పరిచి ఉంది. వరసగా ఆకులు వేసి ఉన్నాయి. అన్నిటికన్నా ముందున్న ఆకులో మొదటి చిప్పలు పెట్టి ఉన్నాయి. మిగతా ఆకులు ఖాళీ. వల ఎవరిదైతే మొదటి ఆకు వాళ్ళది, వాళ్ళు చెయ్యి పెట్టందే మిగతావాళ్ళు ముట్టకూడదు, అది ఆ ఊరి పద్ధతి. ఇవాళ్టి వేట తాత ఒళ్ళోది, అందుకే మొదటి ఆకు తాతది. దొంగతనం చేసినా పద్ధతి తప్పలేదు. అన్ని రోజుల ఆకలి కడుపులో పెట్టుకుని కూడా ఒక్కరూ ఒక్క చిప్ప నోట్లో వేసుకోలేదు.

తాత ఆ ఆకు చూశాడు. ఆకు పక్కన కూర్చున్న కాసులుని చూశాడు. పుల్లల్లాంటి చేతులు, పెద్ద పెద్ద కళ్ళు.

కాసులు తాత వైపు తలెత్తింది. ఎన్నాళ్ళుగానో మానేసిన మాట అప్పుడు అంది.

“ఆకలేస్తోంది తాతా. బేగి కూర్చో.”

మసేనమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యి వైపు తిరిగిపోయింది.

తాత సంగతి అడగకండి. అంత పెద్ద మనిషీ ఒక్కసారి చిన్నబోయాడు. అసలే ఉప్పటివాడు, కళ్ళనీళ్ళు కూడా కలిసి ఇంకాస్త ఉప్పగా అయ్యాడు. మెల్లిగా నీళ్ళన్నీ వెనక్కి లాక్కుని, అరుగులు ఖాళీ చేసి, వీధి చివర బండలమీద సర్దుకుని కూర్చున్నాడు. ఆకు అక్కడికే తెమ్మన్నాడు. కాళ్ళు కడుక్కోమని చెప్పబోయిన గురయ్య, ఆయన్ని ఒకసారి పైనుంచి కిందకి చూసి, మాట మింగేశాడు.

పొయ్యిలు మళ్ళీ రాజేశారు. ఉడికేలోగా మాటలు కుదిరాయి. తను ఇంక ఒకేచోట కూర్చోలేనన్నాడు తాత. చెట్లెక్కే చేపల్ని మళ్ళీ చూడాలట. తిన్నాక నాలుగడుగులు వేస్తే గానీ అరగదట కూడా. షికారుకి వెళ్ళినప్పుడు ఒళ్ళో ఉన్నది ఏరుకోండి, కూనల్ని మాత్రం ముట్టుకోకండి, అన్నాడు. మరి తిరిగొచ్చేదెప్పుడని అడిగితే, మీరెన్నిపూటలు తింటారు అని అడిగాడు. రెండుపూటలన్నారు. అయితే నేనూ రెండుపూటలు వస్తాను, అన్నాడు.

ఈలోగా వెనక నుంచి ఎవరో ముక్కు చీదిన చప్పుడు. అడవమ్మ. తననెవరూ పిలవలేదట. ఇన్నాళ్ళూ కంద పెట్టింది తనేనట, వడ్డించిన ఆకులు కూడా తనవేనట. మసేనమ్మ నాలిక్కరుచుకుని వెళ్ళి పిలిచింది. అడవమ్మ పిలవగానే వస్తే చులకనవుతానని రెండు చినుకులు రాలేదాకా ఆగి, తరవాత కొమ్మలు వంచుకుని వచ్చి తాతకి ఎదురుగా కూర్చుంది. బంతిలో కూర్చున్నాక గట్టు తగాదా ఎత్తకూడదని కాసులు ఇద్దరికీ చెప్పింది. ఎండ్రకాయని కూడా పిలిచారు. అది కుండకి ఎంత దూరంగా కూర్చోవచ్చో అంత దూరంగా కూర్చుంది.

అప్పటినుంచే సముద్రం తాత రోజుకి రెండుసార్లు లేచి షికారు వెళతాడు. వెళ్ళేటప్పుడు నాచు తువ్వాలు రాళ్ళమీద వేసి మరీ వెళతాడు, కావాలంటే వెళ్ళి చూసుకోండి. అప్పటినుంచే ఆ ఒడ్డున చెట్లు నీళ్ళమీదికి అంతలా వంగి ఉంటాయి. తాత గలగలమంటూ తిరిగొచ్చి బండలమీద సర్దుకోగానే, అటు అడవమ్మ, ఇటు ఊరు, మధ్యలో పిల్లలు, అందరూ కలిసి ఒకే బంతిలో కూర్చుని తింటారు.